గుండె పంపింగ్ తగ్గిన రోగులను అధ్యయనం రూపకల్పనలోకి ఎలా తీసుకురావాలి? (ఏరియా ఆసుపత్రి స్థాయి)

పల్నాడు_ఫిజీషియన్ అడిగిన ప్రశ్న:

100 పడకల ఏరియా ఆసుపత్రి. హార్ట్ ఫెయిల్యూర్‌తో (గుండె పంపింగ్ తగ్గి) చేరి డిశ్చార్జ్ అయినవాళ్ల మీద ఆరు నెలల అధ్యయనం అనుకుంటున్నాం. ఒక గ్రూపుకు మామూలు ఫాలో అప్, అంటే నెలకోసారి ఎన్‌సీడీ ఓపీకి (బీపీ, షుగరు లాంటి దీర్ఘకాలిక జబ్బులది) రావడం. రెండో గ్రూపుకు దానితో పాటు ఇంటికి ఒక తూకం మిషను, వారానికోసారి స్టాఫ్ నర్సు ఫోను: బరువెంత, కాళ్ల వాపు ఉందా, ఆయాసం పెరిగిందా, మందులు వేసుకుంటున్నారా అని. ప్రైమరీ అవుట్‌కమ్ (పద్ధతి ఫలించిందో లేదో తేల్చే ప్రధాన కొలత) ఆరు నెలల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరడం. అది 40 శాతం నుంచి 20 శాతానికి తగ్గుతుందని లెక్కేసి గ్రూపుకు 80 మందిని పెట్టుకున్నాం. తూకం మిషన్లకు కొటేషన్ కూడా వచ్చింది.

నిధులిచ్చేవాళ్లు మాత్రం ప్రోటోకాల్‌లో “రూపకల్పనలో రోగుల పాత్ర” అని ఒక పేజీ ఉండాలంటున్నారు. ఐదారుగురు పేషెంట్లను పిలిచి ప్రోటోకాల్ తెలుగులో వివరించి సంతకాలు తీసుకుంటే సరిపోతుందా? ఎంతమంది ఉండాలి, దీనికి విడిగా ఎథిక్స్ అనుమతి కావాలా, డబ్బులు ఇవ్వొచ్చా, అసలు వాళ్లను ఏమడగాలి? మా పేషెంట్లలో ఎక్కువమంది చదువుకోనివాళ్లు, కూలీలు. ర్యాండమైజేషన్ (ఎవరు ఏ గ్రూపో లాటరీలా తేల్చడం) గురించి వాళ్లతో ఏం చర్చిస్తామో నాకైతే అర్థం కావడం లేదు.

ఎథిక్స్_సభ్యురాలు:

డాక్టర్ గారూ, మొదట ఎథిక్స్ సంగతి. రోగులను సలహాదారులుగా పిలిచి “ఈ అధ్యయనం ఎలా ఉంటే బాగుంటుంది” అని అడగడం ఒకటి, వాళ్ల మాటలను డేటాగా సేకరించడం ఇంకొకటి. మొదటి దాంట్లో వాళ్లు మీ అధ్యయనంలో పాల్గొనేవాళ్లు కారు, మీతో కూర్చుని దాన్ని రూపొందించేవాళ్లు. రికార్డర్ పెట్టి, మాటలు రాసుకుని, వాటిని విశ్లేషించి పేపర్లో వేద్దామనుకున్న క్షణం నుంచి అది గుణాత్మక పరిశోధన అవుతుంది. అప్పుడు సమ్మతి పత్రం, కమిటీ అనుమతి రెండూ తప్పవు. రెండూ చేసే ఉద్దేశం ఉంటే రెండో దానికి ముందే అనుమతి తీసుకోండి, జరిగిపోయిన సమావేశానికి వెనకటి తేదీతో ఏ కమిటీ అనుమతివ్వదు.

సలహా సమావేశమే అయినా ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శికి ఒక పేజీ లేఖ పెట్టడం మంచిది. ఎవరిని పిలుస్తున్నారు, ఎంత చెల్లిస్తారు, వైద్య రికార్డుల్లోంచి ఏదైనా తీస్తారా, రికార్డింగ్ ఉంటుందా, ఈ నాలుగూ రాస్తే చాలు. మీ ఆసుపత్రికి సొంత కమిటీ లేకపోతే దగ్గర్లోని మెడికల్ కాలేజీ కమిటీతో ఒప్పందం రాసుకోవచ్చు. అది ఆరోగ్య పరిశోధన విభాగంలో నమోదైన కమిటీయేనా అని చూసుకోండి, 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల తర్వాత అది తప్పనిసరి.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల్లో సమాజాన్ని కలుపుకుని పరిశోధన చేయడం గురించి, సలహా మండళ్ల గురించి ప్రస్తావన ఉంది. నిధులిచ్చేవాళ్ల పేజీలో దాన్ని ఆధారంగా చూపించండి.

సంతకాల ఆలోచన మాత్రం మానుకోండి. ముసాయిదా అంతా అయిపోయాక పిలిచి, వివరించి, వేలిముద్ర వేయించుకుంటే అది రోగుల పాత్ర అనిపించుకోదు. పైగా చదువురాని మనిషి దగ్గర, అందులోనూ తనకు వైద్యం చేసే డాక్టరు ఎదుట వేయించుకున్న వేలిముద్ర మీకు రేపు ఇబ్బందే తెస్తుంది. దేనికి వేశారని ఎవరైనా అడిగితే ఆ మనిషి ఏం చెప్పగలరు? హాజరు పట్టీ, చెల్లింపు రసీదు ఉంటే చాలు.

డబ్బు ఇవ్వొచ్చు, ఇవ్వాలి కూడా. కూలి పోయినందుకు కూలి, ప్రయాణ ఖర్చు, తోడు వచ్చినవాళ్లకూ అంతే. దాన్ని ప్రోత్సాహకం అని రాయకండి, పోగొట్టుకున్న కూలికి పరిహారం అని రాయండి. లేఖలో మొత్తం స్పష్టంగా ఉంటే కమిటీకి అభ్యంతరం ఉండదు.

కమ్యూనిటీ_నర్సింగ్_ట్యూటర్:

సర్, ముందు ఆ తూకం మిషన్ల ఆర్డరు ఆపండి. అది ఎందుకో కింద చెబుతాను.

రోగులను ఏమడగాలన్నది మీరు ఏ నిర్ణయాలను ఇంకా తెరిచి ఉంచారన్న దాని మీద ఉంటుంది. ముసాయిదా ముందు పెట్టుకుని పెన్సిలుతో మూడు గుర్తులు వేయండి: మారదు, మారవచ్చు, వాళ్లే చెప్పాలి. శాంపిల్ సైజు లెక్క, ర్యాండమైజేషన్ జరుగుతుందా లేదా, భద్రతకు చేసే రక్త పరీక్షలు మొదటి కోవలోవి. ఫోను ఎన్నిసార్లు, ఎవరు, ఎప్పుడు చేయాలి, ఎక్కడికి రావాలి, ఎన్ని ప్రశ్నలు, ఏ పరికరం ఇవ్వాలి, ఇవి రెండోవి. ఏ మార్పు వస్తే “ఈ పద్ధతి పనికొచ్చింది” అని వాళ్లు ఒప్పుకుంటారో అది మూడోది. మొదటి కోవలోవి మారవని సమావేశం మొదట్లోనే చెప్పేయాలి. మార్చలేని దాని మీద అభిప్రాయం అడిగితే రెండోసారి ఎవరూ రారు.

ఎంతమంది అంటే, రోగులు 8 నుంచి 10, ఇంట్లో చూసుకునేవాళ్లు 4 లేదా 5. అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టకండి. ఆడవాళ్లకు వేరే సమావేశం పెట్టండి. లాసిక్స్ (ఒంట్లో నీరు తీసే మాత్ర) వేసుకున్నాక ఎన్నిసార్లు లేవాల్సి వస్తుందో, రాత్రి ఎలా పడుకుంటారో మగవాళ్ల ముందు చెప్పరు. కాన్పు తర్వాత గుండె బలహీనపడిన చిన్న వయసు అమ్మాయి ఉంటే అత్తగారు పక్కన లేకుండా మాట్లాడే ఏర్పాటు ఉండాలి, ఎందుకంటే ఆమె అసలు సందేహం మళ్లీ గర్భం గురించి. ఎంపికలో గుండెపోటు తర్వాత పంపింగ్ తగ్గినవాళ్లు, చిన్నప్పటి కీళ్ల జ్వరంతో కవాటాలు పాడైనవాళ్లు ఇద్దరూ ఉండేలా చూడండి. వాళ్ల వయసులు వేరు, వాళ్ల ఇబ్బందులూ వేరు.

మామూలుగా జరిగేదేమిటంటే, పిలిస్తే వచ్చేది ఆయాసం తక్కువున్నవాళ్లు. ఎన్‌వైహెచ్‌ఏ వర్గీకరణలో (1 నుంచి 4 దాకా, ఆయాసం పెరిగేకొద్దీ అంకె పెరుగుతుంది) 1, 2 తరగతులవాళ్లు, అందులోనూ రిటైర్డ్ మాస్టారో, ఊళ్లో పెద్దమనిషో. పది అడుగులకే ఆగి ఊపిరి తీసుకునే మూడో తరగతి మనిషి రాలేడు. మీ అధ్యయనం నిజానికి అతని కోసమే. కాబట్టి కనీసం ముగ్గురు, నలుగురి ఇళ్లకు మీరే వెళ్లాలి. ఒక్కో ఇంట్లో 40 నిమిషాలు మించకుండా, మనిషి అలసిపోతే మధ్యలో ఆపేసేలా.

ఇంటికి వెళ్తే ఆసుపత్రిలో కనపడనివి కనపడతాయి. తూకం మిషను సంగతే తీసుకోండి. డిజిటల్ మిషను గట్టి, చదునైన నేల మీదే సరిగ్గా చూపిస్తుంది. మట్టి నేల మీద, ఎగుడుదిగుడు బండల మీద ఒక కాలు గాలిలో ఉంటే ఒకే మనిషికి అయిదు నిమిషాల్లో రెండు బరువులు చూపిస్తుంది. మనం పట్టుకోవాలనుకునేది మూడు రోజుల్లో 2 కిలోల పెరుగుదల. ఆ మాత్రం తేడా నేల వల్లే వచ్చేస్తే నర్సు అనవసరంగా లాసిక్స్ డోసు పెంచమంటుంది, లేదా అసలు పెరుగుదలను నేల మీదకు నెట్టేస్తుంది. కింద ఒక చదునైన కడప బండ ముక్క వేసి, దాని చోటు మార్చకుండా ఉంచితే తేడా తగ్గుతుంది. ఇక అంకెలు చదవలేనివాళ్లు, చూపు ఆననివాళ్లు, నిలబడితే తూలేవాళ్లు ఉంటారు. అంకెలు పెద్దగా కనపడతాయా, పట్టుకోవడానికి పక్కన గోడో స్తంభమో ఉంటుందా, అయిపోతే ఆ బిళ్ల బ్యాటరీ ఊళ్లో కొట్టులో దొరుకుతుందా? రెండు మూడు రకాలు ఒక్కొక్కటి కొని ఆ ఇళ్లలో పది రోజులు వాడించి చూశాక ఆర్డరు పెట్టండి. కొందరు మెట్టెలు బిగుతవడం, చెప్పు పట్టకపోవడం, పంచె ముడి బిగుతవడం చూసి వాపు పోల్చుకుంటారు. ఫోన్ ప్రశ్నల్లో అవి కూడా చేర్చాలో లేదో వాళ్లతోనే తేల్చుకోండి.

సమావేశం ఏర్పాట్లు చిన్న విషయంలా కనిపిస్తాయి కానీ అక్కడే చెడుతుంది. గది కింది అంతస్తులో ఉండాలి, కాన్ఫరెన్స్ హాలు మేడ మీద ఉంటుంది కాబట్టి దాన్ని మర్చిపోండి. వీపు ఆన్చే కుర్చీలు, పక్కన ఒక మంచం. మరుగుదొడ్డి ఇరవై అడుగుల లోపు, నీళ్లు వచ్చేది. ఉదయం లాసిక్స్ వేసుకున్నవాళ్లకు రెండు మూడు గంటలు అది తప్పనిసరి. బస్సు ఎక్కే రోజు చాలామంది ఆ మాత్ర మానేస్తారు, దార్లో దిగే వీలుండదని. ఓపీకి వచ్చిన ప్రతిసారీ వాపుతో ఎందుకు వస్తున్నారో దీన్ని బట్టి ఊహించుకోవచ్చు. మీ సమావేశానికీ మాత్ర మానేసి వస్తే ఆయాసంతో వస్తారు. కాబట్టి ముందు రోజు ఫోన్ చేసి, మాత్ర మానొద్దని, అవసరమైతే ఆటో పంపుతామని చెప్పాలి. బీపీ మిషను, ఆక్సీమీటరు గదిలో ఉండాలి, డ్యూటీ డాక్టరుకు విషయం తెలిసుండాలి. టీతో మిక్చరు, ఉప్పు బిస్కెట్లు పెట్టి ఉప్పు తగ్గించమని మాట్లాడే సమావేశాలు చాలానే జరుగుతుంటాయి. అరటిపండు కూడా అందరికీ పెట్టేయకండి, కిడ్నీ దెబ్బతిని పొటాషియం ఎక్కువున్నవాళ్లు ఉంటారు. ఉప్పు లేని ఇడ్లీ, పలచటి మజ్జిగ చిన్న గ్లాసు చాలు.

పదిన్నరకు మొదలుపెట్టి పన్నెండుకల్లా ముగించండి, మధ్యలో పావుగంట విరామం. పల్నాడులో ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి కోతలు, ఆ రోజుల్లో చూసుకునేవాళ్లు రారు. ఒకటో తారీకు పింఛను ఇంటికే వస్తుంది కాబట్టి ఎవరూ ఇల్లు కదలరు. సంత రోజయితే బస్సులుంటాయి, ఎలాగూ టౌనుకు వస్తారు.

ఖర్చు లెక్క: ఉపాధి హామీ కూలి 2024-25లో మన దగ్గర రోజుకు 300 రూపాయలు. కోతల రోజుల్లో పొలం కూలి అంతకన్నా ఎక్కువే, ఊళ్లో నడుస్తున్న రేటు కట్టండి. రోగికి 300, తోడుకు 300, బస్సు, ఆటోలకు 150, తిండికి 50 అనుకుంటే జంటకు 800. పది జంటలు, రెండు సమావేశాలు కలిపి 16,000. ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేకపోయినా ఊరి నుంచి బస్సు దగ్గరకు, బస్టాండు నుంచి ఆసుపత్రికి ఆటో ఖర్చు ఉంటుంది, దాన్ని కొట్టేయకండి. డబ్బు ఆ రోజే చేతికివ్వాలి. బ్యాంకు ఖాతాకు వేస్తామంటే నెల పడుతుంది, కొందరి ఖాతాలోంచి అది అప్పు కిందికి జమైపోతుంది.

సమావేశాన్ని నడిపేది మీరు కాకూడదు సర్. మీరు గదిలో ఉంటే “మీరెలా చెబితే అలాగే బాబూ” తప్ప ఇంకో మాట రాదు. చివరి పదిహేను నిమిషాలకు వచ్చి, తేలిన విషయాలు వినండి.

పల్నాడు_ఫిజీషియన్:

మేడమ్, చాలా వివరంగా చెప్పారు. మిషన్ల ఆర్డరు ఆపాను. మరి నేను కాకపోతే ఎవరు నడపాలి? ఆశా కార్యకర్తలు అందరికీ తెలిసినవాళ్లు, వాళ్లకు అప్పజెప్పొచ్చా? ఇంకొకటి, “ఏ మార్పు వస్తే పనికొచ్చినట్టు” అని చదువురానివాళ్లను అడిగితే “జబ్బు తగ్గితే చాలు” అంటారు కదా. దాని నుంచి అవుట్‌కమ్ ఎలా తీస్తాం?

కమ్యూనిటీ_నర్సింగ్_ట్యూటర్:

నేరుగా అడిగితే ఆ జవాబే వస్తుంది. బొమ్మ కార్డులు, చింతగింజలు వాడండి. గ్రామీణ భాగస్వామ్య పద్ధతుల్లో ఎప్పటినుంచో ఉన్నదే.

ముందుగా ఇళ్లకు వెళ్లినప్పుడు విన్న ఇబ్బందుల్లోంచి ఎనిమిది, తొమ్మిది బొమ్మలు గీయించండి: వెల్లకిలా పడుకోలేకపోవడం, పొలానికి పోలేకపోవడం, కాళ్ల వాపు, ఆసుపత్రి ఖర్చు, మాటిమాటికీ ఒంటికి వెళ్లడం, ఇంట్లోవాళ్లకు భారమయ్యామన్న దిగులు, పెళ్లికో జాతరకో వెళ్లలేకపోవడం, ఆసుపత్రిలో చేరడం, చచ్చిపోతామన్న భయం. ఒక్కో బొమ్మ అరచెయ్యంత ఉండాలి, అక్షరాలు వద్దు. రెండు ఖాళీ కార్డులు పక్కన ఉంచండి, ఎవరైనా కొత్తది చెబితే అప్పటికప్పుడు గీయడానికి. బల్ల మీద పరచండి, నేల మీద కాదు, వంగితే వీళ్లకు ఆయాసం వస్తుంది.

ఒక్కొక్కరికి 10 గింజలు. “ఈ ఆరు నెలల్లో ఏది తగ్గితే మీకు ఎక్కువ మేలు? ఎక్కువ మేలున్న చోట ఎక్కువ గింజలు పెట్టండి.” ఇక్కడ జరిగే తప్పు ఏమిటంటే, అందరూ చూస్తుండగా ఒకరి తర్వాత ఒకరు పెడితే మొదటి మనిషి పెట్టిన చోటే అందరూ పెడతారు. అందుకని కార్డుల వెనక మూతలున్న కాగితం కప్పులు పెట్టి గింజలు అందులో వేయించండి, కుప్పలు కనపడకూడదు. రోగుల గింజలు చింతగింజలైతే, చూసుకునేవాళ్లవి సీతాఫలం గింజలు. చివర్లో కప్పులు బోర్లించి లెక్క పెడితే ఎవరికి ఏది ముఖ్యమో విడిగా తెలుస్తుంది. రెండు గుంపుల లెక్కలు సాధారణంగా ఒకటి కావు. అసలు చర్చ ఆ తేడా దగ్గర మొదలవుతుంది, కాబట్టి లెక్క అయిపోగానే “ఇక్కడ ఇన్ని ఎందుకు పెట్టారు” అని అడగడానికి అరగంట మిగుల్చుకోండి. అంకెల కన్నా ఆ అరగంటే విలువైనది.

ఆశాల గురించి: వాళ్లు పిలవడానికి, తోడు తేవడానికి సరే. నడపడానికి వద్దు. ఫోను ఎవరు చేయాలి, పీహెచ్‌సీలో మందులు సరిగా ఇస్తున్నారా అన్న చర్చ ఆశా గురించీ, ఏఎన్ఎం గురించీ కూడా. వాళ్ల ముందు ఎవరు నోరు విప్పుతారు?

ఆశా_శిక్షకుడు:

దీంతో పూర్తిగా ఏకీభవించను. ఆశా లేకపోతే మూడో తరగతి రోగి ఎక్కడున్నాడో మీకు తెలియదు. డిశ్చార్జ్ రిజిస్టర్‌లో ఫోన్ నంబరు ఎక్కువసార్లు కొడుకుదో, చేర్పించిన ఆటో అతనిదో ఉంటుంది. నడిపించకపోయినా ఆశాలకు, స్టాఫ్ నర్సులకు వేరే సమావేశం ఒకటి పెట్టి అదే గింజల ఆట ఆడించండి. రేపు ఫోను చేసేది, తిట్లు తినేది వాళ్లే. అందులో ఊళ్లో ఆర్‌ఎంపీని కూడా వదలొద్దు. రాత్రి ఆయాసం వస్తే మొదట వెళ్లేది అతని దగ్గరికే, లాసిక్స్ ఇంజక్షన్ వేసేది అతనే. అధికారికంగా కమిటీలో పెట్టలేరు, కానీ ప్రతి రోగినీ “మొదట ఎక్కడికి వెళ్తారు, అక్కడ ఏం చేస్తారు” అని అడిగితే ఆ దారి మొత్తం బయటపడుతుంది.

నడపడానికి వేరే మండలం నుంచి శిక్షణ ఉన్న కౌన్సెలరో, సోషల్ వర్కరో ఉంటే చాలు.

బయోస్టాట్_తిరుపతి:

డాక్టర్ గారూ, పై చర్చ మీ శాంపిల్ సైజును కూడా తాకుతుంది, కాబట్టి కొంచెం లెక్క.

40 నుంచి 20 శాతానికి అంటే సగానికి సగం తగ్గుతుందని. 80 శాతం పవర్ (నిజంగా తేడా ఉంటే పట్టుకునే అవకాశం), 5 శాతం అల్ఫాతో (లేని తేడా ఉన్నట్టు కనపడే అవకాశం) గ్రూపుకు 79 వస్తుంది, మీ 80 అక్కడిదే. మధ్యలో తప్పిపోయేవాళ్లకు అందులో చోటు లేదు. ఫోన్లతో చేరికలు సగానికి తగ్గుతాయనుకోవడం అత్యాశ. 40 నుంచి 30కి అనుకుంటే గ్రూపుకు 353 కావాలి. 100 పడకల ఆసుపత్రిలో అది ఎన్నేళ్లకు పూర్తవుతుందో మీకే తెలుసు.

ఇంకో చిక్కు ఉంది, దీన్ని రోగులే బయటపెడతారు. నర్సు ఫోన్ చేసి “వాపు పెరిగింది, వచ్చేయండి” అంటే చేరికలు పెరుగుతాయి. అది మంచిదే అయినా మీ అవుట్‌కమ్‌లో అపజయంగా పడుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర ఇంజక్షన్, ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత ఆరోగ్యశ్రీ) గుంటూరు ప్రైవేటు ఆసుపత్రిలో చేరిక మీ రిజిస్టర్‌లోకి రావు. కాబట్టి గింజల లెక్కలో “ఆసుపత్రిలో చేరడం” కార్డు వెనకపడితే ఆశ్చర్యపోకండి. దాన్ని కప్పిపుచ్చి పాత అవుట్‌కమ్‌నే ఉంచితే మొత్తం కసరత్తు దండగ.

ప్రత్యామ్నాయాలు రెండు. మొదటిది ప్రాణంతో, ఆసుపత్రి బయట గడిపిన రోజులు. రెండోది హార్ట్ ఫెయిల్యూర్ రోగుల ఆరోగ్య స్థితిని కొలిచే కేన్సస్ సిటీ ప్రశ్నావళి. 23 ప్రశ్నలది ఒకటి, 12 ప్రశ్నల పొట్టిది ఒకటి ఉన్నాయి, మీకు పొట్టిదే నయం. 0 నుంచి 100 స్కోరు, గత రెండు వారాల గురించి అడుగుతుంది, 5 పాయింట్ల మార్పు రోగికి తెలిసే మార్పని లెక్క. ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) 20 అనుకుంటే 5 పాయింట్ల తేడాకు గ్రూపుకు 251, 10 పాయింట్లకు 63. తప్పిపోయేవాళ్లను 20 శాతం కలిపితే 10 పాయింట్లకు 79. అంటే మీ 80 దీనికి సరిపోతుంది, కానీ 10 పాయింట్లు చిన్న మార్పేమీ కాదు. ఎంత మార్పు వస్తే ఇంత తతంగం పెట్టుకోవచ్చో రోగులను అడగండి. వారానికో ఫోను, రోజూ తూకం అన్నది వాళ్లకూ పనే.

ఆ ప్రశ్నావళిలో “కనీసం మూడు దిండ్లు పెట్టుకుని, లేదా కుర్చీలో కూర్చుని నిద్రపోవాల్సి వచ్చిందా” అన్న ప్రశ్న ఉంది. “ఒక బ్లాక్ దూరం నడవడం” ఉంది. నులక మంచం తల వైపు ఇటుకలెత్తుకున్నవాళ్లు, చాప మీద గోడకు ఆనుకుని రాత్రంతా కూర్చునేవాళ్లు మొదటి దానికి “లేదు” అంటారు, ఇంట్లో మూడు దిండ్లు ఉండవు కాబట్టి. అలా అన్న మనిషికి స్కోరు మంచిగా పడుతుంది. ప్రశ్నను మీరే మార్చేయకూడదు, హక్కులున్నాయి, లైసెన్సు తీసుకుని వాళ్ల ధ్రువీకరించిన తెలుగు రూపం అడగాలి. చేయగలిగింది ఏమిటంటే, రోగుల బృందంలో అయిదుగురి చేత ప్రశ్న వినిపించి, “మీకు ఏం అర్థమైంది, ఏమనుకుని జవాబు చెప్పారు” అని అడగడం. ఎక్కడ తేడా వస్తుందో చూసి, ప్రశ్న అడిగేవాళ్ల మాన్యువల్లో ఒకే రకమైన వివరణ రాసిపెట్టాలి. ఉదాహరణకు ఒక బ్లాక్ అంటే ఎంత దూరం అనుకోవాలో, ప్రతి నర్సూ తనకు తోచింది చెప్పకుండా. ఆ వివరణలను హక్కుదారులకు కూడా చూపించి ఒప్పించుకోండి.

ఆరు నిమిషాల నడక పరీక్ష పెట్టాలని ఎవరైనా సలహా ఇస్తే, దానికి 30 మీటర్ల ఖాళీ కారిడార్ కావాలి, చెప్పుల్లేకుండా నడిచే మనిషికీ చెప్పులతో నడిచే మనిషికీ ఒకే పద్ధతి ఉండాలి. ఓపీ వేళల్లో మీకు అది దొరకదు.

చావుల సంగతి కూడా తేల్చుకోండి. ఐసీఎంఆర్ జాతీయ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో 53 ఆసుపత్రుల్లో 10,851 మందిని చూస్తే 90 రోజుల్లో 14.2 శాతం చనిపోయారు. ఆరు నెలల్లో చనిపోయిన మనిషికి స్కోరు “తప్పిపోయింది” అని రాస్తే బతికినవాళ్ల సగటే మిగులుతుంది. 2012 నుంచి వాడుకలో ఉన్న విన్ రేషియో పద్ధతిలో రెండు గ్రూపుల్లోని రోగులను జంటలుగా పోలుస్తూ, ముందు చావు, తర్వాత ఒక్కో అవుట్‌కమ్‌ను ప్రాధాన్య క్రమంలో చూస్తారు. చావు తర్వాత ఏ అవుట్‌కమ్ రెండోది, ఏది మూడోది అన్న వరుస మీ గింజల లెక్క నుంచి తీసుకోవచ్చు. రోగుల మాట నేరుగా విశ్లేషణలోకి వచ్చే చోటు అది. ఆ వరుసను సీటీఆర్‌ఐలో (దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు చేసేటప్పుడే రాయాలి. మొదటి రోగిని చేర్చుకోకముందే నమోదు అయిపోవాలి.

ర్యాండమైజేషన్ గురించి ఏం చర్చిస్తామన్నారు. దాన్ని పెట్టాలా వద్దా అని అడగొద్దు. “పక్కింటాయనకు మిషను ఇచ్చి నాకివ్వకపోతే ఎలా ఉంటుంది” అని అడగండి. జవాబు మీకు ముందే తెలుసు. అదే మిషను మీద రెండిళ్లూ తూకం చూసుకుంటాయి, మీ గ్రూపుల తేడా అక్కడే కరిగిపోతుంది. దారులు మూడు. మిషను అందరికీ ఇచ్చి ఫోను మాత్రమే ఒక గ్రూపుకు ఇవ్వడం. ఆరు నెలలయ్యాక రెండో గ్రూపుకూ ఇవ్వడం. లేదా పీహెచ్‌సీల వారీగా ర్యాండమైజ్ చేయడం. మూడో దానికి పీహెచ్‌సీకి పదిమంది, ఐసీసీ (ఒకే పీహెచ్‌సీ రోగులు ఒకరినొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే కొలత) 0.02 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (శాంపిల్ ఎన్ని రెట్లు కావాలో) 1.18, అంటే 79 కాస్తా 94 అవుతుంది, గ్రూపుకు పది పీహెచ్‌సీలు కావాలి. మీ పరిధిలో ఇరవై ఉండవు. నన్నడిగితే మొదటిదే, కానీ ఎంపిక రోగులకు వదలండి.

పల్నాడు_ఫిజీషియన్:

అవుట్‌కమ్ మార్చాల్సి వస్తుందని ఇప్పుడు అర్థమైంది. మూడు దారులూ వాళ్ల ముందు పెడతాను. మరి ఇదంతా ప్రోటోకాల్‌లో ఒక పేజీలో ఎలా రాయాలి? బృందంలో ఎవరైనా చనిపోతే, లేదా బాగా జబ్బుపడితే?

ఎథిక్స్_సభ్యురాలు:

రాయడానికి గ్రిప్2 అనే చెక్‌లిస్టు ఉంది, 2017లో వచ్చింది. పొట్టి రూపంలో అయిదు అంశాలే: ఎందుకు కలుపుకున్నారు, ఎలా కలుపుకున్నారు, దాని వల్ల ఏం మారింది, ఎంతవరకు ఫలించింది, ఏది కుదిరింది ఏది కుదరలేదు. మీ పేజీకి అదే అస్థిపంజరం. దానికోసం మొదటి రోజు నుంచే నాలుగు గళ్ల పట్టిక నింపుకుంటూ రండి: వాళ్లు చెప్పింది, మేం మార్చింది, మార్చకపోతే కారణం, తేదీ. పేర్లు వద్దు, “రోగి, స్త్రీ, 50ల వయసు” చాలు. మార్చని వాటికి కారణాల గడి ఖాళీగా ఉందా అనే సమీక్షకులు మొదట చూస్తారు.

ఆ పట్టికను రెండో సమావేశంలో చదివి వినిపించండి. “మీరు రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయమన్నారు, కొడుకు పొలం నుంచి వచ్చాక ఫోను ఇంట్లో ఉంటుందని. నర్సు డ్యూటీ అయిదింటికే అయిపోతుంది కాబట్టి వారంలో రెండు రోజులు ఏడు నుంచి ఎనిమిది దాకా పెట్టగలిగాం” అని చెబితే చాలు. కొత్త నంబరు నుంచి వచ్చే ఫోను ఎత్తరు కాబట్టి, ఏ నంబరు నుంచి చేస్తారో దాన్ని డిశ్చార్జ్ రోజే వాళ్ల ఫోనులో “గుండె నర్సు” అని సేవ్ చేసిపెట్టండి.

చనిపోవడం, జబ్బుపడటం గురించి: ఈ జబ్బులో ఏడాది పాటు నడిచే బృందంలో కొందరు మిగలరన్నది ముందే లెక్కలోకి తీసుకోవాల్సిన విషయం. పదిమంది కావాలంటే పన్నెండు, పదమూడు మందితో మొదలుపెట్టండి, ఖాళీ అయిన చోట అదే రకం రోగిని తీసుకోండి. పిలిచే ముందు ప్రతిసారీ ఆశా ద్వారా మనిషి ఎలా ఉన్నారో కనుక్కున్నాకే ఇంటికి ఫోన్ చేయాలి. చనిపోయిన మనిషి పేరు మీద “రేపు మీటింగుకు రండి” అని మెసేజ్ వెళ్లడం ఆ ఇంటికి చాలా కష్టంగా ఉంటుంది. కాబట్టి మెసేజ్‌లు ఆటోమేటిక్‌గా పోయే ఏర్పాటు ఈ బృందానికి వద్దు. చూసుకున్న భార్యో కోడలో కొనసాగుతామంటే కొనసాగనివ్వండి, అడగడం మాత్రం కర్మకాండలయ్యాక, అదీ ఒక్కసారే. రావాల్సిన పరిహారం బాకీ ఉంటే ఈలోపే ఇంటికి పంపేయండి.

వాట్సాప్ గ్రూపు పెడదామని మీ వాళ్లు ఎవరైనా అంటారు. వద్దు. ఒకే మండలం మనుషులు, ఎవరికి ఏ జబ్బో ఊరంతా తెలిసిపోతుంది, ఆ ఫోను చూసేది ఇంట్లో పిల్లలు.

కమ్యూనిటీ_నర్సింగ్_ట్యూటర్:

ఇంకొక్కటి సర్. సమాచార పత్రం ముసాయిదా రెండో సమావేశంలో చదివించేటప్పుడు మీరు చదవొద్దు. బృందంలో అయిదో తరగతి దాకా చదివినవాళ్లు ఒకరుంటారు, వాళ్లతో పైకి చదివించండి. ఎక్కడ ఆగి తడబడతారో అక్కడ పెన్సిలుతో గీత పెట్టండి. ఒక పేజీలో నాలుగైదు గీతలు దాటితే ఆ పేజీ మొత్తం మళ్లీ రాయాలి. మెడికల్ కాలేజీ ఫార్మాట్ నుంచి దించిన పత్రాలకు మొదటి పేరాలోనే అన్ని గీతలు పడతాయి.